మీ మాత్ర మీకే... మీ కుక్కకు, పిల్లికి కాదు!

కుక్క ఒళ్లంతా గోక్కుంటోంది. పిల్లి ఆపకుండా తుమ్ముతోంది. అల్మరాలో సెట్రిజిన్ ఎలాగూ ఉంది. ‘మనకు పనిచేసిందేగా, సగం ముక్క వేస్తే ఏమవుతుంది?’ అనుకుంటారు. ఓపీకి తమ జబ్బు చూపించుకోవడానికి వచ్చి, పనిలో పనిగా ఈ ప్రశ్న అడిగేవారూ ఉన్నారు. మనుషుల డాక్టరుగా నా జవాబు ఒక్కటే. ఆ చీటీ నేను రాయకూడదు, పశువైద్యులే రాయాలి.

సెట్రిజిన్‌ను పశువైద్యులూ వాడతారు కదా అంటారా? నిజమే. కానీ వారు బరువు తూచి, కిడ్నీల పరిస్థితి, ఇప్పటికే వాడుతున్న మందులు చూసి మోతాదు నిర్ణయిస్తారు. పైగా షాపులో ‘జలుబు, అలర్జీ మాత్ర’ అని అడిగితే వచ్చేది చాలాసార్లు ఒక్క మందు కాదు. అందులో పారాసిటమాల్ కూడా కలిసి ఉండొచ్చు. దాన్ని విరిచి బయటకు పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. రక్తం ఆక్సిజన్‌ను మోయలేకపోతుంది. 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటే పిల్లి ప్రాణం తీయగలదు. ముక్కుదిబ్బడకు వాడే సూడోఎఫెడ్రిన్ వల్ల కుక్కకు గుండెదడ, వణుకు, ఫిట్స్ రావచ్చు. చక్కెర లేని కొన్ని సిరప్‌లలో తీపి కోసం వాడే జైలిటాల్ కుక్క రక్తంలో షుగర్‌ను ఒక్కసారిగా పడగొడుతుంది.

స్టెరాయిడ్‌తో దురద త్వరగా తగ్గుతుంది. ఆ నమ్మకంతోనే సొంతంగా వాడేస్తారు. నొప్పి మాత్రతో కలిపి ఇస్తే కడుపులో పుండ్లు పడొచ్చు. చాలా రోజులు వాడి హఠాత్తుగా ఆపేసినా ప్రమాదమే. మనం రాసుకునే ఆయింట్‌మెంట్ పూస్తే నాకేస్తుంది, మందు కడుపులోకి పోతుంది.

అసలు అది అలర్జీయేనా? గోమార్లు, గజ్జి, తామర ఉన్నా దురద పెడుతుంది. వాటికి అలర్జీ మాత్ర మందు కాదు. గజ్జి, తామర ఇంట్లో పిల్లలకూ అంటుకోవచ్చు. కాబట్టి మాత్రతో నెట్టుకొస్తే నష్టం ఇంటిల్లిపాదికీ. గోమార్లకని కుక్క మెడపై వేసే పెర్మెత్రిన్ చుక్కల మందును పిల్లికి అసలే వేయకండి. ఫిట్స్ వచ్చి చనిపోవచ్చు.

పిల్లలకు జ్వరమొస్తే పెద్దల మాత్ర విరిచి వేయకూడదని ఈ తరం తల్లిదండ్రులు నేర్చుకున్నారు. అదే జాగ్రత్త మూగజీవి విషయంలోనూ ఉండాలన్నది నా అభిప్రాయం. ఎక్కడ నొప్పో, కడుపులో ఏమవుతోందో అది చెప్పలేదు.

దగ్గర్లోని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి. మీ మాత్ర ఏదైనా మింగేస్తే లక్షణాల కోసం ఎదురుచూడకండి. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించకండి. స్ట్రిప్‌తో సహా వెంటనే వెళ్లండి. ముఖం వాచినా, ఆయాసపడుతున్నా, చిగుళ్లు నీలంగానో గోధుమరంగులోనో మారినా క్షణం ఆలస్యం చేయొద్దు. మందుల డబ్బా మాత్రం ఈరోజే పై అరకు ఎక్కించండి. పిల్లి అక్కడికీ ఎక్కుతుంది, తలుపు గడియ కూడా వేయండి.