పెన్సిలు గీతల క్రింది అర్థము

హైదరాబాదు తార్నాక కూడలినుండి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణములోనికి నడచి, 1939లో ప్రారంభోత్సవము జరుపుకొనిన ఆర్ట్స్ కళాశాల గులాబిరంగు రాతి భవనము దాక పోయినవారికి, చెట్లనీడలను కూర్చుండి ప్రవేశపరీక్షలకు చదువుకొను యువకులు నేటికిని కనబడుచునే యుందురు. మొన్న ఒక ఉదయమున అట్టి విద్యార్థి ప్రక్కన కూర్చుండి ఎం.బి.ఏ., ఎం.సి.ఏ. ప్రవేశపరీక్షయైన ఐసెట్‌కు ఆతడు చదువు పుస్తకములోనికి తొంగిచూచితిని. ఆంగ్ల గద్యభాగములో ముఖ్యమైన మాటల క్రింద గీత గీయుమని కోచింగులో చెప్పినారట. ఏది ముఖ్యమో తేలక అతడు పేరా అంతయు గీచివైచెను. పొలమంతయు గట్లే యైనచో పైరున కెక్కడి చోటు?

“ముందు ప్రశ్నలు చదివి, ఆ మాటలు పేరాలో వెదుక్కోమన్నారు సార్” అనెను.

ఆ సలహాను నేను బొత్తిగా త్రోసిపుచ్చను. 200 ప్రశ్నలకు 150 నిమిషములు, అనగా ప్రశ్నకు 45 సెకనులు మాత్రమే దక్కు పరీక్షలో తొందర సహజము. సంవత్సరమో సంఖ్యయో అడిగినచోట వెదుకులాట ఫలించును గూడ. కాని రచయిత అభిప్రాయమేమి, పేరాకు తగిన శీర్షిక యేది అని అడిగినప్పుడు, మాటలను మాత్రమే వేటాడినవానికి వాక్యముల నడుమనున్న మలుపులు కానరావు. పేరాలోని మాటనే తెచ్చి తప్పు సమాధానమునకు తొడిగి, పరీక్షకుడు వల పన్నునదియు అచ్చటనే.

ఒహైయో రాష్ట్ర విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఫ్రాన్సిస్ రాబిన్సన్ 1946లో గ్రంథస్థము చేసిన పఠనపద్ధతిలో, పైపైని పరికించుట, ప్రశ్నించుకొనుట, చదువుట, పుస్తకము చూడక చెప్పుట, పునశ్చరణ అను అయిదు మెట్లు కలవు. అందలి ప్రశ్న పాఠకుడు తనకు తాను వేసికొనునదే కాని, ప్రశ్నపత్రము వేయునది కాదు. నాలుగవ మెట్టు మన వీధిబడుల అప్పజెప్పుటకు దగ్గరి చుట్టము; అయితే ఇచట స్వంతమాటలలో చెప్పవలెను. మన అభ్యర్థులు వదలివేయుచున్నది సరిగా దీనినే.

ఐసెట్టున విశ్లేషణ, గణితము తెలుగులోను చదువుకొనవచ్చును. 50 మార్కుల మూడవ భాగము మాత్రము ఆంగ్లమే. దేశభాషయైన ఉర్దూలో ఉన్నతవిద్య నేర్పుటకు 1918లో వెలసిన ఈ విశ్వవిద్యాలయపు చెంతనే, 1958లో ఆంగ్లబోధనకై కేంద్రసంస్థ యొకటి వెలసినది; ఆ రెంటి నడుమ దూరమంతయు తెలుగు మాధ్యమపు బిడ్డ తలపై బరువైనది. తెలియని ఆంగ్లపదము తగిలిన ప్రతిచోట అతడు ఆగిపోవును. ఆ బిడ్డయే తెలుగు పత్రిక సంపాదకీయములో ఎరుగని సంస్కృత సమాసము తగిలినప్పుడు, ముందువెనుకలను బట్టి ఊహించుకొని నిశ్చింతగా సాగిపోవుచున్నాడు గదా! ఆ ధైర్యము ఆతనికి క్రొత్తగా నేర్పవలసినది కాదు, ఆంగ్లమునకు మరలింపవలసినది.

పుస్తకము మూసి, చదివినదానిని తెలుగులోనే చెప్పుమని ఆ యువకునితో అంటిని. చెఱువులు పూడిపోవుటచే బావులలో నీరు అడుగంటినదని చక్కగా చెప్పి, ఆ పిమ్మట తడుముకొని ఊరకుండెను. పుస్తకము విప్పి చూచితిమి. అతడు ఆగిన చోట ‘హవెవర్’ అను మాట యున్నది. దాని క్రిందను గీత యున్నది.