బెట్టకాలమున పచ్చని పైరు

వాన లేనిచో పైరు చచ్చునని మనమందరము నెరుగుదుము. చచ్చుటకు ముందే, పచ్చగా నుండగనే, పంట పోవునని యెరిగినవారు కొద్దిమంది. 2023 ఆగస్టులో మా యనంతపురపు టెర్రనేలలో వేరుసెనగ ఊడలు దిగు సమయమునకు వానలు నిలిచిపోయినవి. దేశము మొత్తముమీద సాధారణముకంటె నూటికి 36 వంతులు తక్కువ వర్షము కురిసి, 1901 మొదలుకొని యున్న లెక్కలలో నింత పొడి ఆగస్టు లేదనిపించుకొనిన నెల యది. మా చేని గట్టున నిలిచి చూచిన యొక యుద్యోగి "పైరు పచ్చగనే యున్నది గదా" యని వ్రాసికొని పోయెను. ఆయన చూచినది నిజమే. చూడవలసినచోట చూడలేదు, అంతే.

నెమ్మదిగా వచ్చు కరవు వేరు, అకస్మాత్తుగా మీదపడు బెట్ట వేరు. రెండవదానికి వాన లేకుండుట యొక్కటియే కారణము గాదు. తీవ్రమైన యెండయు పొడిగాలియు తోడై నేలలోని పదనును రెండు మూడు వారములలో పీల్చివేయును. 2012లో అమెరికా మధ్యరాష్ట్రముల మొక్కజొన్న యీ విధముననే కొద్దివారములలో దెబ్బతినెను.

వేరు పొడినేలను తాకినతోడనే ఆకునకు కబురు పోవును. ఆకు తన సూక్ష్మరంధ్రములను మూసికొనును. నీరు మిగులును. కాని మొక్క బొగ్గుపులుసు గాలిని గ్రహించునదియు ఆ రంధ్రముల గుండనే గదా! కావున ఆకు పచ్చగా నుండగనే ఆహారము తయారగుట తగ్గిపోవును. ఆవిరి విడువని ఆకు వేడెక్కును. రంగు మారుట, ఆకు రాలుట తరువాతి మాట. బెట్ట నెమ్మదిగా వచ్చినచో మొక్క కణములలో చక్కెరలను లవణములను కూర్చుకొని నీటిని పట్టియుంచును, వేళ్లను లోతునకు దింపును. అకస్మాత్తుగా వచ్చినపుడు అంత వ్యవధి లేదు. అంతకుముందు మంచి వానలకు ఏపుగా పెరిగి ఆకు దట్టమైన చేనే పదనును ముందుగా ఖర్చుపెట్టుకొనుటయు కద్దు.

జొన్న ఆకు చుట్టుకొని, ఎదుగుదల నాపి, వానకై కాచుకొనగలదు. కంది వేరు లోతునకు పోవును. వేరుసెనగయు పూతకు ముందు కొంత బెట్టకు ఓర్చును. ఊడలు దిగు వేళ మాత్రము అట్లుగాదు. పైనేల గట్టిపడినచో ఊడ గ్రుచ్చుకొనజాలదు. గ్రుచ్చుకొనినను, కాయ తనకు వలయు సున్నపుసారమును చుట్టునున్న తడిమట్టినుండియే నేరుగా తీసికొనును గనుక, పొడిమట్టిలో పప్పు నిండదు. పైన పచ్చదనము, క్రింద గుల్లలు! తరువాత నొక వాన కురిసెనా, మొక్క తేరుకొని చూపరులను మరింత భ్రమపెట్టును. మేత దక్కును, అప్పు తీరదు.

కరవు నిర్ణయమునకై భారతప్రభుత్వము 2016లో ప్రకటించిన గ్రంథము వానలేని యెడమును మూడు నాలుగు వారములుగా లెక్కించుచున్నది. ప్రభుత్వమునకు కొలత యొకటి వలయును గనుక దానిని తప్పుపట్టను. కాని అంతవరకు మన సంఘములు చేతులు కట్టుకొని కూర్చుండ నేల? పదిదినములు వాన లేకపోయినచో చేనిలో జానెడు లోతు త్రవ్వి మట్టిని పిడికిట పట్టి చూడవలెను. ఉండ కట్టకపోయినచో ఆనాడే సంఘమునకు తెలుపవలెను. సేద్యపుకుంటలో నీరున్నవారు ముందునకు దాచుకొనక ఊడలు దిగువేళనే యొక తడి యీయవలెను. వాయిదాల పొడిగింపును గూర్చి విచారించునపుడు పాలకవర్గమువారు గట్టున నిలువక, చేనిలో నాలుగుచోట్ల మొక్కలను పెరికి కాయలు విప్పి చూడవలెను.

పైరు పూర్తిగా పోయినచోట మరల విత్తుటకు ఉలవలు, కొర్రలు జూలై నాటికే గిడ్డంగిలో నుండవలెను. ఆగస్టు చివర విత్తనమునకై పట్టణమునకు పరుగెత్తినవారి పాట్లు నే నెరుగుదును. ఎరువుల బస్తాలతో గిడ్డంగిని పైకప్పుదాక నింపు మనము పది బస్తాల ఉలవలకు చోటు లేదనుట నాకు వింతగా తోచుచున్నది. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విత్తనపు నిలువను గూర్చి తీర్మానమును ప్రతిపాదింపనున్నాను. అయ్యెడి ఖర్చును గూర్చి ఆక్షేపణలున్న సోదరులు లెక్కలతో రావలెనని కోరుచున్నాను.