బోల్టు ఊడితే కవచం లేనట్లే!

అనకాపల్లి: మండే ద్రావకం ఆవిరై కమ్ముకుంటే ఎంతటి విధ్వంసం జరుగుతుందో 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌ చవిచూసింది. ఔషధ పరిశ్రమలో ఎంటీబీఈ ద్రావకం లీకై సంభవించిన పేలుడులో 17 మంది మృత్యువాత పడ్డారు. ఇలాంటి చోట్ల ప్రతి విద్యుత్తు పరికరం భద్రతా కీలకమే.

దూరం నుంచే..
వాల్వులను తెరిచి మూసే విద్యుత్తు యాక్చుయేటర్‌ వాటిలో ఒకటి. లీకు వద్దకు కార్మికుడు వెళ్లనక్కర లేకుండానే ఇది ప్రవాహాన్ని ఆపుతుంది. 2009లో జైపూర్‌ చమురు డిపోలో గంటకుపైగా పెట్రోలు వెలువడినా ఆపలేకపోయారు. దూరం నుంచి మూసే వాల్వులు ఉండాలని విచారణ కమిటీ సిఫారసు చేసింది.

రక్షణ ఇలా..
అయితే యాక్చుయేటర్‌లోని మోటారు, స్విచ్చులే నిప్పురవ్వకు మూలం కావచ్చు. అందుకే వాటిని ఎఫ్‌ఎల్‌పీ పెట్టెలో బిగిస్తారు. వాయువు లోపలికి చేరదని దీనర్థం కాదు. లోపల పేలుడు జరిగినా పెట్టె తట్టుకుంటుంది. మూత అంచుల సన్నని సందులో మంట చల్లారి, బయటి ఆవిరిని అంటించలేదు. ఒక్క బోల్టు లేకున్నా, అంచు తుప్పుపట్టినా, సరిపడని కేబుల్‌ గ్లాండు బిగించినా ఆ రక్షణ ఉండదు. తీరప్రాంతపు ఉప్పుగాలికి తుప్పు ముప్పు మరింత అధికం.

తనిఖీ ఏదీ?
పెసో ఆమోదం పరికరం తయారీకే సాక్ష్యం. మరమ్మతు అనంతరం మూత సరిగా బిగించారా అన్నది ఆ పత్రం చెప్పదు. ప్రతి పెట్టెకు తనిఖీ పుస్తకం ఉండాలి. అధికారులు పరిశ్రమకు వెళ్లినపుడు ముందుగా అడగాల్సింది అదే. ఒప్పంద కార్మికుల ప్రాణాలు ఆ బోల్టుల మీదే ఆధారపడి ఉన్నాయి.