టైరు వెడల్పైతే చాలా?

మన హాస్టల్లో చదివి ఉద్యోగాల్లో చేరిన అన్నలు, అక్కలు కొందరు కార్లు కొంటున్నారు. ఆటోలు, టాక్సీలు నడిపి మనల్ని చదివిస్తున్న నాన్నలు, బాబాయిలు మన ఇళ్లలో ఉన్నారు. కాబట్టి టైరు సంగతి మనకు పరాయిది కాదు. టైరు ఎంత వెడల్పైతే రోడ్డు మీద పట్టు అంత ఎక్కువని చాలామంది నమ్ముతారు. అది సగం నిజమేనని మా అభిప్రాయం.

ఘర్షణ బలం తాకే వైశాల్యం మీద ఆధారపడదని ఇంటర్ ఫిజిక్సులో అందరం బట్టీ పట్టాం. 1699లో ఫ్రెంచి శాస్త్రవేత్త అమోంటన్స్ చెప్పిన సూత్రమిది. మరి రేసు కార్లకు అంత వెడల్పు టైర్లెందుకు? పరీక్షలో ఎవరూ అడగరు కనుక మనమూ ఆలోచించం.

లెక్క వేద్దాం. 1200 కిలోల కారులో ఒక్కో టైరు మీద సుమారు 300 కిలోల బరువు పడుతుంది. గాలి 30 పాయింట్లుంటే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు దాదాపు 2.1 కిలోలు. భాగిస్తే వచ్చేది సుమారు 140 చదరపు సెంటీమీటర్లు. అంటే మన చెయ్యంత జాగా! గాలి మార్చకుండా వెడల్పు టైరు వేస్తే ఆ జాగా అడ్డంగా పెరిగి పొడవు తగ్గుతుంది. మొత్తం మీద పెద్దగా మారదు.

అయితే రబ్బరు ఆ సూత్రానికి పూర్తిగా లొంగదు. ఒత్తిడి తగ్గేకొద్దీ దాని ఘర్షణ గుణకం పెరుగుతుంది. అందుకే మెత్తని రబ్బరుతో, తక్కువ గాలితో నడిచే రేసు టైర్లకు వెడల్పు ఉపయోగం. పొడి రోడ్డు మలుపుల్లో మన కార్లకూ కొంత మేలే. వానలో మాత్రం వెడల్పు టైరు ఎక్కువ నీటిని పక్కకు తొయ్యాలి. తొయ్యలేకపోతే నీటి మీద తేలుతుంది. అప్పుడు బ్రేకూ పనిచెయ్యదు, స్టీరింగూ మాట వినదు.

ఆ నీటిని బయటికి పంపేవి టైరు గాడులే. మన దేశంలో చట్టం ప్రకారం వాటి లోతు కార్లకు కనీసం 1.6 మిల్లీమీటర్లు, బైకులకు, ఆటోలకు 0.8 మిల్లీమీటర్లు ఉండాలి. నున్నగా అరిగిన టైరు ఎంత వెడల్పున్నా వానలో ప్రమాదమే.

అందుకే కొత్తగా కారు కొన్న అన్నలకు, అక్కలకు మా మనవి: షోకు కోసం వెడల్పు టైర్లకు పెట్టే డబ్బును, అరిగిన టైర్లు సకాలంలో మార్చడానికి దాచండి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు నాన్న ఆటో టైరు గాడుల్లో స్కేలు పెట్టి చూడండి, గాలి సరిగా ఉందో లేదో అడగండి. మా ఇళ్లలో డిగ్రీ చదివిన మొదటి తరం మేము. చదివిన ఫిజిక్సు మార్కుల మెమోలోనే ఉండిపోకుండా ఇంట్లోవాళ్ల ప్రాణానికి అక్కరకు రావాలన్నదే మా కోరిక.