మతపక్షమును మంత్రిపదవియు

దేవాలయములను ప్రభుత్వము విడిచిపెట్టవలెనను కోరికతో 2025 జనవరి 5వ తేదీన, కంకిపాటికి అనతిదూరమున గన్నవరము చెంతనున్న కేసరపల్లిలో విశ్వహిందూ పరిషత్తువారు గొప్ప సభ జరిపిరి. ఆ కోరికయందలి మంచిచెడ్డల నిచట విచారింపబోము. దానిని చిరకాలముగా వినిపించుచున్న పక్షమువారి చేతికే దేవాదాయశాఖ వచ్చినపు డేమి జరిగినదో పాఠకులకు జ్ఞప్తిచేయుట మా విధి.

కీర్తిశేషులు పైడికొండల మాణిక్యాలరావుగారు రాష్ట్రీయ స్వయంసేవక సంఘపు శిక్షణలో పెరిగినవారు. తాడేపల్లిగూడెమున ఫోటోస్టూడియో నడుపుకొనుచు భారతీయ జనతాపక్షమునకు పనిచేసి, 2014లో అచ్చటినుండియే శాసనసభకు ఎన్నికైరి. తెలుగుదేశముతోడి పొత్తువలన చంద్రబాబునాయుడుగారి మంత్రివర్గమున వారికి దేవాదాయశాఖ లభించెను. వీథిలో జెండా మోసిన కార్యకర్త మంత్రి యగుట ప్రజాస్వామ్యమునకు శోభయే. అందులకు మేము సంతసించుచున్నాము.

అయితే ఆ శాఖకు మూలమైన దేమి? 1987లో నందమూరి తారకరామారావుగారి ప్రభుత్వము గావించిన 30వ నంబరు చట్టము. అర్చకుల వంశపారంపర్యపు హక్కులను తొలగించినది అదియే. దానిని 1996లో సుప్రీంకోర్టు సమర్థించెను. ధర్మకర్తలను నియమించుట, కార్యనిర్వహణాధికారులను పంపుట, మాన్యములను కనిపెట్టుట అన్నియు దానిక్రిందనే జరుగును. ఏ చట్టము కూడదని పక్షము చెప్పుచున్నదో, ఆ చట్టమునకే మాణిక్యాలరావుగారు కావలివా రైరి. వారు పదవి విడుచునాటికిని చట్టము చెక్కుచెదరలేదు. 175 మంది గల సభలో నలుగురితో నేమి చేయగలరని కొందరు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. కాని చేయజాలని పనిని చేసెదమని ఓటర్లకు ఆశ చూపుట న్యాయమా?

ఇంతకంటె కఠినమైన పరీక్ష 2016లో వచ్చెను. కృష్ణా పుష్కరములకు ముందు, రోడ్ల విస్తరణ పేర, సుందరీకరణ పేర విజయవాడలో పెక్కు గుడులను కూల్చిరి. మంత్రిగారి పక్షమువారే వీథుల కెక్కి నిరసించిరి. మంత్రిగారు మాత్రము మంత్రివర్గమున నిలిచియే యుండిరి. వారును, సహచరులు కామినేని శ్రీనివాసుగారును రాజీనామా చేసినది 2018 మార్చి 8వ తేదీన. అదియు ప్రత్యేకహోదా వివాదమున తెలుగుదేశపు మంత్రులు కేంద్రమునుండి వైదొలగిన సందర్భమున. గుడులు కూలినపుడు కదలని పీఠము పొత్తు సడలినపుడు కదలెను! కూలిన గుడులలో తొమ్మిదింటి పునర్నిర్మాణమునకు 2021 జనవరి 8వ తేదీన శంకుస్థాపన చేసినది వేరొక పక్షపు ముఖ్యమంత్రి, జగన్మోహనరెడ్డిగారు.

మాణిక్యాలరావుగారు 2020 ఆగస్టు 1వ తేదీన కరోనావ్యాధిచే దివంగతులైరి. వారిని నిందించుట మా యుద్దేశము కాదు. ఆ పీఠమున వేరొక రుండినను ఇట్లే జరిగియుండునని మా నమ్మకము. మంత్రి ప్రమాణము చేయునది రాజ్యాంగమునకు విధేయుడై యుందునని. బద్ధుడై యుండునది మంత్రివర్గపు సమష్టి బాధ్యతకు. దేవుని పేర ఓటు తెచ్చుకొన్న వాడును ఆ గుమ్మము దాటగానే ఫైళ్లకు, పొత్తులకు లోబడకతప్పదు.

2024లో ఆ పొత్తే మరల అధికారమునకు వచ్చినది. కావున ఓటర్లారా, మతము పేర మీ వాకిటికి వచ్చువారిని రెండు ప్రశ్న లడుగుడు: మీరు సభలో పెట్టబోవు బిల్లేది? అది సాగనినాడు పదవి విడిచెదరా? వీనికి సూటిగా బదులు చెప్పనివారి నుదుటి బొట్టును జూచి ఓటు వేయకుడు. చిన్న గుడి అర్చకునికి నెలనెల జీతము ముట్టినదా, దేవుని మాన్యము అన్యాక్రాంతము కాకున్నదా, హుండీలెక్క నలుగురికిని తెలిసినదా యని విచారించి వేయుడు. దేవాదాయమంత్రికి అంతకుమించిన భక్తి అక్కరలేదు.