షుగరు లేనివాడికి చక్కెర లేని టీ

ఆ మధ్య కనిగిరిలో ఒక టీ దుకాణం దగ్గర నిలబడి "చక్కెర లేకుండా ఒక టీ" అని అడిగాను. దుకాణదారు నన్ను ఎగాదిగా చూసి, గొంతు తగ్గించి, "షుగరొచ్చిందా అన్నా? ఎన్నాళ్ళయింది?" అన్నాడు. రాలేదన్నాను. "మరింకేం, తాగన్నా!" అంటూ అందరికీ పోసేదే నాకూ పోశాడు. పాలు, టీపొడి, చక్కెర కలిసి మరిగిన గిన్నెలోంచి నా ఒక్కడి కోసం చక్కెరను వెనక్కి తీయడం ఎవరి తరం?

ఆయన మీద నాకు కోపం లేదు. ఆయన నోట వచ్చిన మాట మనందరిదీ. చక్కెర మానడమంటే మన దృష్టిలో రోగికి విధించిన శిక్ష. ఆరోగ్యవంతుడు మానితే అది చాదస్తం, కాకుంటే పిసినారితనం. నా తగవంతా ఈ భావనతోనే.

మన 'శర్కర' అరబ్బు దేశాల మీదుగా యూరపు చేరి 'షుగర్' అయింది. తిరిగి మన ఊరు చేరేసరికి రోగం పేరై కూర్చుంది. డబ్బాలో ఉన్నంతకాలం చక్కెర, నెత్తురులో తేలిననాడు షుగరు! రోగం పేరు పెట్టి పిలవడానికి సందేహించని మనం, రోగం రాకముందు చెంచా తగ్గించడానికి మాత్రం సిగ్గుపడతాం.

భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగిన సర్వే 2023లో వెలువడింది. దేశంలో మధుమేహులు సుమారు 10.1 కోట్లు, ఆ గుమ్మం దగ్గర నిలబడ్డవారు మరో 13.6 కోట్లు అని అది అంచనా కట్టింది. చక్కెర ఒక్కటే దీనికి మూలమని నేననను. మూడు పూటలా వరి అన్నం, కదలని ఒళ్ళు, వంశం, అన్నీ ఉన్నాయి. అయితే వీటన్నిటిలో రేపు ఉదయమే తగ్గించగలిగినది ఏదని అడిగితే, టీలో చెంచాయే అంటాను.

లెక్క చూడండి. ఆహారానికి అదనంగా చేరే చక్కెరలు రోజూ తీసుకొనే శక్తిలో పదో వంతుకు లోపుగా ఉండాలనీ, ఇరవయ్యో వంతుకు దించితే ఇంకా మేలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. ఆ ఇరవయ్యో వంతు సుమారు 25 గ్రాములు, అంటే ఆరు చెంచాలు. నేను రోజుకు నాలుగు టీలు, టీకి రెండు చెంచాల వంతున తాగేవాణ్ణి. ఎనిమిది చెంచాలు, 32 గ్రాములు. నెలకు దాదాపు కిలో! బిస్కట్లు, పండుగ అరిసెలు ఈ పద్దులో చేరనేలేదు.

ఒక్కరోజులో మానేస్తానని రెండుసార్లు ఒట్టు పెట్టుకొని, రెండుసార్లూ వారం తిరగకుండానే ఓడిపోయాను. మూడోసారి ఒట్టు పెట్టుకోలేదు. పదిహేను రోజులకొకసారి అరచెంచా తగ్గించాను. రెండు నెలలకు చెంచా అవసరం తీరిపోయింది. ఇప్పుడు దుకాణపు టీ నాకు పాకంలా తోస్తోంది. నాలుక మొండిదే కానీ, తొందరపెట్టకపోతే నేర్చుకొంటుంది.

"బెల్లం వాడవచ్చు కదా" అంటారు కొందరు. బెల్లంలోనూ అధికభాగం ఆ చక్కెర పదార్థమే. తేనెను కూడా ఆ సంస్థ ఇదే లెక్కలో కలిపింది. "చక్కెర లేని టీ ఇస్తే అతిథికి అవమానం కాదా?" అంటారు మరికొందరు. ఎండన పడి వచ్చినవాడికి చల్లని మజ్జిగ ఇచ్చి ఆదరించిన ఊళ్ళు మనవి. ఆ మర్యాదలో చక్కెర ఎక్కడుంది?

మా కనిగిరి ప్రాంతం ఫ్లోరైడు నీళ్ళతో దశాబ్దాలుగా బాధపడుతోంది. మంచినీళ్ళ కోసం అర్జీలు పెట్టుకొన్నాం, పెట్టుకోవలసిందే. భూమిలో ఉన్న ఫ్లోరైడును తీయడం ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. గ్లాసులోకి చక్కెరను మాత్రం మనమే వేసుకొంటున్నాం. దీనికి ఏ కలెక్టరుకు అర్జీ పెట్టాలి?

దుకాణదారులకు నా మనవి ఒక్కటే. టీ చక్కెర లేకుండా మరిగించండి, చక్కెర డబ్బా పక్కన పెట్టండి. రెండు చెంచాలు కావలసినవారు రెండే వేసుకొంటారు. అరచెంచా చాలన్నవాడు తన ఆరోగ్య చరిత్ర చెప్పుకోనక్కరలేకుండా టీ తాగిపోతాడు.

అందాకా నేను అడుగుతూనే ఉంటాను. మీరూ మీ ఊళ్ళో ఒకసారి అడిగి చూడండి. ముందుగా ఎదురయ్యే ప్రశ్న ఏమిటో మీకు తెలుసు.