గేమ్స్ మానేస్తే జీపీఏ వస్తుందా?

ఏటా జూలై వచ్చేసరికి మన సాఫ్ట్‌వేర్ జనాలకి ఓ పూనకం వస్తుంది. ఎవరి బావమరిదో, పిన్ని కొడుకో, పక్కింటి కుర్రాడో ఎమ్మెస్ చెయ్యడానికి అమెరికా బయల్దేరుతూంటాడు. వాణ్ణి తీసుకొచ్చి మనవాళ్ళ ముందు కూర్చోబెట్టి "నాలుగు మంచి మాటలు చెప్పు నాయనా" అంటారు. ఇక చూస్కోండి వీరంగం! కుక్కర్ గాస్కెట్లు రెండు ఎక్కువ పెట్టుకో, ఆవకాయ సీసాకి టేపు గట్టిగా చుట్టు అని మొదలెట్టి, చివర్లో అందరూ ఒకటే పల్లవి అందుకుంటారు. "అక్కడ రూమ్మేట్లతో కలిసి ఎక్స్‌బాక్సులూ అవీ ఆడుతూ కూర్చోకు. సెమిస్టర్ మొదలైతే ఊపిరాడదు. గేమ్స్‌లో పడ్డావా, అంతే సంగతులు!"

ఈ పల్లవి వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకు మండుతుందో సూటిగా చెప్పేస్తా, తర్వాత రాళ్ళు వేద్దురు గాని. సెమిస్టర్ ఊపిరాడనంత బిజీగా ఉన్నప్పుడే ఒకే ఇంట్లో ఉంటున్న నలుగురూ రోజుకో గంట ఒకే టీవీ ముందు కూర్చుని ఆడుకోవాలి. వీలుంటే ఆడుకోమని కాదు నేననేది, తప్పకుండా ఆడుకోమని. పిల్లల్ని చెడగొట్టే గేమ్స్ లేవా అంటే ఉన్నాయి. కానీ అవి వేరు. వాటిని తయారుచేస్తున్నది కూడా సాక్షాత్తూ మన సాఫ్ట్‌వేర్ వాళ్ళమే.

ముందు లెక్కలు తేలుద్దాం, ఎలాగూ ఇంజనీర్లం కదా. వారానికి 168 గంటలు. రోజుకి ఆరు గంటల నిద్ర అనుకుంటే 42. మూడు కోర్సులకి క్లాసులు 9. క్యాంపస్‌లో ఉద్యోగం 20 (ఎఫ్-1 వీసా మీద సెమిస్టర్ నడిచేటప్పుడు అంతకు మించి చెయ్యనివ్వరు). అసైన్‌మెంట్లు, ప్రాజెక్టులు, చదువు కలిపి 50. వంట, బస్సు, బట్టలు, సరుకులు ఇంకో 20. మొత్తం 141. ఇంకా 27 గంటలు మిగిలాయి. రోజూ గంట ఆడినా పోయేది 7. ఆ ఏడు గంటలూ ఆడకపోతే ఆల్గారిథమ్స్ పుస్తకానికి వెళ్తాయని ఎవరు చెప్పారు? 2008లో అయితే ఆర్కుట్‌కీ, బ్రహ్మానందం కామెడీ బిట్లకీ వెళ్ళేవి. ఇప్పుడైతే రీల్స్‌కి వెళ్తున్నాయి. ఎటూ పోయే గంట, నలుగురితో కలిసి పోతే నష్టమేంటో ఈ పల్లవి పాడేవాళ్ళు చెప్పాలి.

2008 ఫాల్ సెమిస్టర్ సంగతి చెప్తాను. టెక్సాస్‌లో ఓ యూనివర్సిటీ ఊరు. రెండు బెడ్రూముల అపార్ట్‌మెంటులో నలుగురం. గుంటూరు, కరీంనగర్, అనంతపురం, నేను ఖమ్మం. ఆ సెప్టెంబర్ 15న లేమన్ బ్రదర్స్ దివాలా పిటిషన్ వేసింది. ఆ వెనకే క్యాంపస్ నియామకాలు చల్లబడ్డాయి. జనవరిలో 40 లోపు ఉన్న డాలర్ నవంబర్‌కి 50 రూపాయలకి చేరింది. అంటే ఇంటి దగ్గర మా నాన్నలు రూపాయల్లో పంపాల్సిన ఫీజు, మేం ఇక్కడ ఏమీ చెయ్యకుండానే పాతిక శాతం బరువెక్కింది. ఆపరేటింగ్ సిస్టమ్స్ ప్రాజెక్టు ఒకవైపు, అడ్వాన్స్‌డ్ ఆల్గారిథమ్స్ ఒకవైపు, రాత్రి 11:59కి మూసుకుపోయే సబ్మిషన్లు ఒకవైపు. బిజీ సెమిస్టర్ అంటే అదీ.

ఆ సెమిస్టర్‌లోనే మేం రోజూ ఆడాం. అపార్ట్‌మెంట్ల వెనక చెత్తకుండీ పక్కన ఎవరో వదిలేసిన ట్యూబ్ టీవీ, సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఎక్స్‌బాక్స్ 360. మనిషికి 50 డాలర్లు పడింది. 2007లో వచ్చిన హాలో 3 డిస్కు ఒకటే, కంట్రోలర్లు నాలుగు. తెరని నాలుగు ముక్కలు చేస్తుంది, ఎవడి ముక్కలో వాడు ఆడాలి. పక్కవాడి ముక్కలోకి తొంగిచూడ్డం నేరం, అయినా అందరూ చేసేవాళ్ళు. ఇంటర్నెట్ అక్కర్లేదు, నెలనెలా చందా అక్కర్లేదు. భోజనాలయ్యాక పదీ పన్నెండు నిమిషాల ఆటలు నాలుగో అయిదో. ఆఖర్న నిలిచినవాడు గిన్నెలు తోమాలి. తోమడం అయిపోయాక టీవీ కట్టేసి ఎవడి లాప్‌టాప్ వాడు తీసేవాడు.

మీరు హాస్టళ్ళలోనో, రూముల్లోనో ఉండే ఉంటారు. గొడవలు దేనికొస్తాయో మీకు తెలీదా? పాల ప్యాకెట్ ఎవడు తాగాడు, కరెంటు బిల్లు ఎవడెంత కట్టాలి, నా టర్న్ రోజు నువ్వెందుకు వండలేదు. నలుగురు కొత్తవాళ్ళు ఒక ఇంట్లో పడితే మొదట పుట్టేది స్నేహం కాదు, ఎక్సెల్ షీటు! మా ఇంట్లోనూ షీటు ఉండేది. కానీ పగలంతా పోగైన చిరాకు రాత్రి ఆ గంటలో బుల్లెట్ల రూపంలో బయటికి పోయేది. "పప్పులో ఉప్పెక్కువేశావ్, ఇదిగో కాస్కో" అని గ్రెనేడ్ విసిరితే అక్కడికి సరి. ఇదే మాట ఎదురుగా నిలబడి మామూలుగా అని చూడండి, రెండ్రోజులు మాటలుండవు.

అసలు విషయం ఇప్పుడు చెప్తా. అక్టోబర్‌లో మా అనంతపురం వాడు ఆటకి రావడం మానేశాడు. "అసైన్‌మెంట్ ఉంది మామా" అన్నాడు. నమ్మాం, అందరికీ ఉన్నాయి కదా. రెండో రోజూ అదే మాట. మూడో రోజూ అదే. వాడు క్లాసుకి వెళ్తున్నాడు, వంట టర్న్ తప్పడం లేదు, బిల్లు కడుతున్నాడు. షీటు ప్రకారం చూస్తే వాడికి ఏ లోటూ లేదు. నాలుగో కంట్రోలర్ మాత్రం ఖాళీగా ఉంది. నాలుగో రాత్రి గుంటూరు వాడు వెళ్ళి తలుపు బాది "ముగ్గురైతే మజా లేదు, లేచి రారా" అని లాక్కొచ్చి కూర్చోబెట్టాడు. వాడు ఆడుతున్నాడే గానీ చేతులు కదలట్లేదు, వరసగా చచ్చిపోతున్నాడు. రెండో ఆట మధ్యలో, తెర మీంచి చూపు తిప్పకుండా అన్నాడు. "మామా, నేను ఇంటికెళ్ళిపోదామనుకుంటున్నా."

ఆల్గారిథమ్స్ మిడ్‌టర్మ్‌లో నూటికి 31 వచ్చాయి. పొలం తాకట్టు పెట్టి పంపించారు వాణ్ణి. జీపీఏ 3.0 కిందికి పోతే ఏమవుతుందోనని మూడు రాత్రులుగా నిద్రలేదు. ఇంటికి ఫోన్ చేసి "అంతా బానే ఉంది నాన్నా" అని చెప్తున్నాడు. వెళ్ళిపోవడం అంటే టికెట్ కొనుక్కుని వెళ్ళడమేనా, ఇంకేదైనానా అని అడగడానికి ఆ రాత్రి మాకు ధైర్యం చాల్లేదు. ఆట ఆపలేదు. తెర వైపే చూస్తూ ఒక్కో మాటా అడిగాం, వాడు తెర వైపే చూస్తూ ఒక్కో మాటా చెప్పాడు. కళ్ళలోకి చూస్తూ అడిగితే మన తెలుగు మగపిల్లలు చస్తే చెప్పరు. పక్కపక్కన కూర్చుని, చేతిలో ఏదో పని ఉంటే చెప్తారు.

మర్నాడు కరీంనగర్ వాడు, నేను తోడెళ్ళి ఆ ప్రొఫెసర్‌ని కలిపించాం. ఫైనల్స్ దాకా కరీంనగర్ వాడు రోజూ వాడితో కూర్చుని డైనమిక్ ప్రోగ్రామింగ్ లెక్కలు చేయించాడు. వాడి వంట టర్న్‌లు మేం పంచుకున్నాం. బీ గ్రేడుతో గట్టెక్కాడు. ఇప్పుడు మనందరిలాగే ఎక్కడో ప్రొడక్షన్ ఇష్యూలతో కొట్టుకుంటున్నాడు :)

ఆ రాత్రి మా ఇంట్లో ఆ టీవీ లేకపోతే? ఎవడి గదిలో వాడు తలుపేసుకుని బుద్ధిగా చదువుకుంటూంటే? సలహాల రాయుళ్ళ లెక్కలో మాది ఆదర్శమైన ఇల్లు. నాలుగో వాడి పరిస్థితి మాత్రం ఎవరికీ తెలిసేది కాదు. అందుకే "గేమ్స్ ఆడి చెడిపోతారు" అనేవాళ్ళని నేను అడిగేది ఒకటే. చదువుల ఒత్తిడికి పిల్లవాడు కుంగిపోతుంటే ముందుగా పసిగట్టేది ఎవరు? దాదాపు తొమ్మిది వేల మైళ్ళ అవతల ఉన్న తండ్రా? యూనివర్సిటీ ఈమెయిలా? పక్క గదిలో ఉన్నవాడే. వాడికి రోజుకో గంట వీడి మొహం కనపడాలి కదా మరి!

"నాకు తెలిసిన ఒకడు గేమ్స్ పిచ్చిలో డిగ్రీ పోగొట్టుకున్నాడు" అంటారని తెలుసు. నాకూ తెలుసు అలాంటివాడు. మా పక్క బిల్డింగులోనే ఉండేవాడు, రాత్రంతా ఆన్‌లైన్‌లో ఆడి పగలంతా పడుకునేవాడు. కానీ ఎక్కడ ఆడేవాడో గమనించండి. గది తలుపు మూసి, చెవులకి హెడ్‌సెట్ పెట్టి, ఒక్కడే. వాడికి ఆట ముగిసేది కాదు, "పద, గిన్నెలు తోము" అనేవాడూ లేడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన ఐసీడీ-11 జబ్బుల జాబితాలో గేమింగ్ డిజార్డర్ ఉంది. దాని నిర్వచనంలో రోజుకిన్ని గంటలు అనే లెక్కే లేదు. అదుపు తప్పడం, మిగతా పనులన్నిటికంటే ఆటే ముఖ్యమైపోవడం, నష్టం కనిపిస్తున్నా ఆపలేకపోవడం, ఇది మామూలుగా ఏడాది పాటు సాగడం. అంతే. డాక్టర్లకి తెలిసిన ఈ తేడా మన మేధావులకి తెలీదు.

ఆఖరికి మన పార్లమెంటుకి కూడా తెలిసింది. డబ్బు పెట్టి ఆడే రమ్మీ లాంటివాటిని తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో దేశం మొత్తానికీ చట్టం వచ్చింది. ఆ చట్టం డబ్బు ఆటల్ని నిషేధిస్తూనే ఈ-స్పోర్ట్స్‌నీ, మామూలు సరదా ఆటల్నీ విడదీసి వాటిని ప్రోత్సహించాలంది. మన బాబాయిలకి మాత్రం అప్పులపాలు చేసే రమ్మీ యాపూ, నలుగురు కూర్చుని ఆడే ఫుట్‌బాల్ గేమూ రెండూ "గేమ్సే".

ఇప్పుడు మన వాటా సంగతి చూద్దాం. డైలీ రివార్డ్, స్ట్రీక్, సీజన్ పాస్, "మీ స్నేహితుడు మిమ్మల్ని దాటేశాడు" అని అర్ధరాత్రి నోటిఫికేషన్. వీటిని కనిపెట్టింది ఎవరు? ఏ/బీ టెస్టులు పెట్టి, ఏ రంగు బటన్‌కి రిటెన్షన్ ఎంత పెరిగిందో స్లైడ్ వేసి అప్రైజల్‌లో రాసుకున్నది ఎవరు? 2022 డిసెంబర్‌లో ఫోర్ట్‌నైట్ తయారుచేసిన ఎపిక్ గేమ్స్, అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో సెటిల్‌మెంట్‌లో 52 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. అందులో 24.5 కోట్లు, తికమకపెట్టే బటన్లతో జనం చేత అనుకోకుండా కొనిపించారన్న ఆరోపణ మీద. ఆ బటన్ ఎక్కడ పెట్టాలో తేల్చి కోడ్ చెక్-ఇన్ చేసింది మనలాంటి ఇంజనీర్లే కదా. పగలు ఆఫీసులో ఎంగేజ్‌మెంట్ పెంచి, సాయంత్రం ఇంటికొచ్చి "ఫోన్ పక్కన పెట్టు" అని పిల్లాడి మీద అరవడం.. దీన్ని ఏమంటారో మీరే చెప్పండి.

ఇంతలో ఆ మంచి ఆట సంగతేమైంది? దాన్నీ మనవాళ్ళే పక్కకి నెట్టారు. 2015లో హాలో 5 వచ్చింది, స్ప్లిట్ స్క్రీన్ లేకుండా. సెకనుకి 60 ఫ్రేములు కావాలి కాబట్టి తీసేశామన్నారు. నిజమే, ఫ్రేముకి ఉండేది 16.6 మిల్లీసెకన్లు, అందులోనే సీన్‌ని ఒక్కో ఆటగాడి కోసం మళ్ళీ మళ్ళీ గీయాలి, కష్టమే. కానీ ఒక డిస్కుతో నలుగురు ఆడితే అమ్ముడుపోయేది ఒకటి, ఎవడి గదిలో వాడు ఆడితే నాలుగు. ఈ లెక్క అందరికీ అర్థమవుతుంది. గిరాకీ లేదని మాత్రం అనకండి. ఇద్దరు కలిస్తే తప్ప ఆడలేని ఇట్ టేక్స్ టూ, 2021లో గేమ్ అవార్డ్స్‌లో ఆ ఏటి ఉత్తమ ఆటగా గెలిచింది.

ఇవాళ ఎమ్మెస్ పిల్లల అపార్ట్‌మెంటుకి వెళ్ళి చూడండి. నలుగురూ నాలుగు మూలల్లో, నాలుగు ఫోన్లలో, ఎక్కడో ఉన్న ముక్కూమొహం తెలీని వాళ్ళతో ఆడుతూంటారు. లేదా నలుగురూ నాలుగు గదుల్లో లీట్‌కోడ్ చేస్తూంటారు. రెంటిలోనూ హాలు ఖాళీ.

కాబట్టి అయ్యలారా, ఈసారి జూలైలో మీ ముందు ఎవరినైనా కూర్చోబెడితే గాస్కెట్ల గురించి చెప్పండి, ఆవకాయ గురించి చెప్పండి. గేమ్స్ గురించి మాత్రం ఇలా చెప్పండి. "సెకండ్ హ్యాండ్‌లో ఓ పాత కన్సోల్ కొనండ్రా. కంట్రోలర్లు ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని కొనండి. గదిలో కాదు, హాల్లో పెట్టండి. భోజనాలయ్యాక గంట, ఆ తర్వాత కట్టెయ్యండి. పరీక్షలున్నా సరే, పది నిమిషాలైనా ఆడండి. ఎవడైనా మూడ్రోజులు ఆటకి రాకపోతే మాత్రం ఊరుకోకండి, వెళ్ళి వాడి తలుపు కొట్టండి."